అచ్చుతప్పు అత్తయ్య

మా మేనత్తను కోర్టులో అందరూ "అచ్చుతప్పు" అంటారు, ఆవిడ వెనకాల. ముప్పై రెండేళ్లుగా సాక్షులు చెప్పింది షార్ట్‌హ్యాండులో రాసుకుని టైపు కొట్టే స్టెనో. ఎవరైనా పెళ్లి కార్డు ఇస్తే పెళ్లికూతురి పేరుకన్నా ముందు దీర్ఘాలు చూస్తుంది. "వత్తు మింగేశారు నాయనా, పెళ్లన్నా సరిగ్గా చెయ్యండి" అని దీవించి పంపుతుంది.

అదే భవనంలో నకళ్ల విభాగంలో గుమాస్తాని నేను. మధ్యాహ్నం ఇద్దరం ఒకే బల్ల మీద డబ్బాలు విప్పుకుంటాం.

ఆవిడ రిటైరయ్యే సంవత్సరం గడియారాల మెకానిక్ కేసు వచ్చింది. ప్రార్థన మందిరం మెట్ల మీద దర్జీ పలకరిస్తే, ఆయన దేవుడి గురించి ఒక మాట అన్నాడు. అంతే, కేసైంది. తన మనసులో మాట చెప్పుకునే హక్కు ఎవరికైనా ఉందని ఆయన లాయరు వాదన. ప్రార్థనకొచ్చినవాళ్లను గుమ్మంలో ఆపి మనసు విరవకూడదని, ప్రశాంతంగా కొలుచుకోవడం వాళ్ల హక్కని ప్రభుత్వ ప్లీడరు. రెండూ న్యాయంగానే ఉన్నాయి, అదే కదా తంటా! ఆ మందిరంలో ప్రతి వారం ముందు వరసలో కూర్చుని పాడేది మా అత్తయ్యే.

చివరి వాదనల రోజు ప్లీడరు దర్జీ సాక్ష్యం చదివాడు. "నాతో 'దేవుణ్ణి నమ్మకు' అన్నాడు." చదివి బల్ల చరిచాడు. "ఇది మనసులో మాట చెప్పుకోవడమా? ఎదుటివాణ్ణి ఆపడం!"

"నేనలా అనలేదు బాబూ" అన్నాడు మెకానిక్. ఎవరు వింటారు? కింద దర్జీ సంతకం ఉంది. కళ్లజోడు ఇంట్లో మర్చిపోయి వచ్చి, చదవకుండా పెట్టిన సంతకం.

భోజనాల వేళ అత్తయ్య డబ్బా విప్పలేదు. షార్ట్‌హ్యాండు పుస్తకం తెచ్చి ఒక గీత మీద వేలు పెట్టింది.

"ఇది 'ను'. 'కు' కాదు. దర్జీ చెప్పింది 'నమ్మను' అని. నేను కొట్టింది 'నమ్మకు' అని."

ఒక్క అక్షరం! దాంతో ఒక మనిషి జైలుకు పోతున్నాడు.

నాకు ఒళ్లు మండింది, ఆవిడ మీదే. "ఊరుకో అత్తయ్యా! రెండు నెలల్లో రిటైరవుతున్నావు. నీ సర్వీసులో ఒక్క మచ్చ లేదు. పైగా రేపు మందిరంలో నీ మొహం చూస్తారా ఎవరైనా?"

"చూడకపోతే పోనీలేవే."

"ఆయన నీ దేవుణ్ణే కాదన్నాడు!"

"అన్నాడు. ఆ రోజు నాకూ చిర్రెత్తింది. ఆ కోపమే వేళ్లలోకి దిగిందేమో." పుస్తకం మూసింది. "నా నమ్మకం నా దగ్గరుండాలి. ఆయన అనని మాట ఆయన నోట్లో కుక్కడానికి నేనెవర్నే?"

అప్పుడు నేనన్నదానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

మధ్యాహ్నం కోర్టు మొదలవగానే అత్తయ్య లేచి నిలబడి, తప్పు తనదని జడ్జిగారితో చెప్పింది. దర్జీని మళ్లీ పిలిపించారు, ఈసారి కళ్లజోడుతో.

"'నమ్మను' అన్నాడండీ. 'మీ ఇష్టం మీది' అని కూడా అన్నాడు."

కేసు కొట్టేశారు.

ఆ వారం మందిరంలో అత్తయ్య పక్కన ఎవరూ కూర్చోలేదు. నేను వెళ్లి కూర్చున్నాను. ఆవిడ గొంతెత్తి పాడింది. రాగం ఎప్పుడూ తప్పే చోటే మళ్లీ తప్పింది. నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి.

రిటైరయ్యే ముందు రోజు పైఆఫీసు నుంచి మెమో వచ్చింది: "విధి నిర్వహణలో నిర్లక్షం వహించినందుకు మందలించడమైనది." నకలు తీయాల్సింది నేనే. తీయకుండా ఆవిడ ముందు పెట్టాను.

అత్తయ్య రెండుసార్లు చదివింది. కలం తీసి "నిర్లక్షం"కి కింద య వత్తు పెట్టింది. పక్కనే పొట్టి సంతకం చేసి, కాగితం నా చేతికిచ్చింది.

"ఇప్పుడు సరిగ్గా ఉంది. ఫైల్లో పెట్టు."