లక్క సీలు లోపలి వేలిముద్ర

దయ్యాలున్నాయని నేను ఎన్నడూ నమ్మలేదు. మా వీధి చివర ఇంట్లో ఏదో తిరుగుతోందని ఎవరూ అద్దెకు రాకపోతే, నేనే అందులో రెండేళ్ళు కాపురం ఉన్నాను. ఎలుకలు తిరిగాయి. వానాకాలం పైకప్పు కారింది. ఆ కప్పు గురించి ఇంటాయనకు ఎన్నిసార్లు చెప్పినా బాగుచేయించలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడు రాస్తున్నదాన్ని కూడా దయ్యం కథ అని నేను అనను. చూసింది చూసినట్టు రాస్తాను. పట్టపగలు, పోలీస్ స్టేషన్‌లో, నలుగురి ముందు చూశాను.

ముందు మా అన్నయ్య గురించి చెప్పాలి. ఒంగోలులో పొగాకు వ్యాపారం చేసేవాడు. పాత అమెరికా రివాల్వర్లంటే ఆయనకు ప్రాణం. సింగిల్ యాక్షన్ అంటారు వాటిని. ప్రతిసారీ వెనకనున్న సుత్తిని బొటనవేలితో లాగి నిలబెడితేనే పేలే రకం. పొగాకు కంపెనీల దొరలు వెళ్తూ వెళ్తూ ఇక్కడివాళ్ళకు ఇచ్చిపోయినవి కొన్ని పాత కుటుంబాల్లో ఉండిపోయాయి. అన్నయ్య లైసెన్సు తీసుకుని, కలెక్టరాఫీసు చుట్టూ తిరిగి అనుమతులు తెచ్చుకుని, వాటిని కొనేవాడు.

పేల్చడానికి కాదు. వాటికి తూటాలు ఇక్కడ దొరకవు, ఆయన వెతకనూ లేదు. ఆదివారం భోజనాలయ్యాక మంచం మీద పాత దుప్పటి పరిచి, చేతులు సబ్బుతో కడుక్కుని, ఆరాక, బనీను గుడ్డకు కుట్టుమిషన్ నూనె రాసి ఒక్కో ఇనుప ముక్కనూ తుడిచేవాడు. అప్పుడు ఆయన ముఖం చూస్తే పసిపిల్లకు స్నానం చేయిస్తున్నాడని అనుకుంటారు.

పాత తుపాకులు పోగుచేసేవాళ్ళందరికీ ఒక భయం ఉంటుంది. కొందరి చేతి చెమట ఇనుముకు పడదు. అలాంటివాళ్ళు ముట్టుకుంటే, వేలు పడిన చోట వేలి ఆకారంలోనే తుప్పు లేస్తుంది. నావి అలాంటి చేతులు. చిన్నప్పటినుంచీ అరచేతులు తడిగా ఉంటాయి. నా సైకిలు హ్యాండిలు, నా బీరువా తాళం, అన్నీ తుప్పే. అది నేను కోరి తెచ్చుకున్నది కాదు.

అన్నయ్య కూతురి ఓణీల ఫంక్షన్‌కు వారం ముందు పనులకు సాయం చేద్దామని ఒంగోలు వెళ్ళాను. అప్పటికి ఆయన దగ్గర ఒక్క రివాల్వరే ఉండేది. దుప్పటి మీద పెట్టి ఉంటే చేతిలోకి తీసుకుని చూశాను. అంతే. ఫంక్షన్ నాటికి దాని మీద నా బొటనవేలి ముద్ర గోధుమరంగులో లేచి కూర్చుంది.

ఆ సంగతి నాకు విడిగా చెప్పొచ్చు. నన్ను గదిలోకి పిలిచి తిట్టొచ్చు. అన్నయ్య అలా చేయలేదు. భోజనాల బంతి సాగుతుంటే నేను గుత్తివంకాయ వడ్డిస్తున్నాను. నాలుగు వరసల అవతలినుంచి కేకేశాడు.

"ఒరేయ్ సత్యం, ఆ గరిటె వదిలెయ్‌రా బాబూ! తుప్పు పట్టుద్ది, మళ్ళీ షామియానా వాడికి డబ్బు కట్టలేను!"

పక్కన కూర్చున్న వదిన పుట్టింటివారి వైపు తిరిగి, "మావాడివి చేతులు కావండీ, చినగంజాం ఉప్పు మడులు," అన్నాడు.

బంతి బంతంతా నవ్వింది. వాళ్ళల్లో ఎవరెవరు నవ్వారో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ మధ్యాహ్నానికే పిల్లలు నన్ను తుప్పు బాబాయ్ అనడం మొదలుపెట్టారు. నేను గరిటె బేసిన్‌లో పెట్టి, చెప్పులేసుకుని, నేనుండే గుంటూరుకు బస్సెక్కాను.

ఆ తర్వాత నేను ఆ ఇంటి గడప తొక్కలేదు. నాకు కావలసింది ఒకే ఒక్క మాట. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి. అలా చేస్తే వస్తానని వదినతో కబురు పెట్టాను. "వాడే రావాలి, తమ్ముడు వాడు," అన్నాడట అన్నయ్య. సరే, కూర్చోమన్నాను.

పదిహేనేళ్ళు దాటిపోయాయి. ఈలోగా అన్నయ్య ఇంకో రెండు రివాల్వర్లు కొన్నాడని విన్నాను. తర్వాత ఒక లైసెన్సు మీద మూడు కుదరవు, రెండే ఉండాలన్న నిబంధన వచ్చింది. నేను ముట్టుకున్న మొదటి రివాల్వర్‌ను అన్నయ్య ప్రభుత్వానికి అప్పగించేశాడు. ఆ రోజు అన్నం తినలేదని వదిన ఫోన్లో చెప్పింది. మిగిలిన రెండింటినీ నేను కళ్ళతో చూసింది లేదు.

ఈ విషయం గుర్తుంచుకోమని చదివేవాళ్ళను కోరుతున్నాను. ఆ రెండూ నేను ఎప్పుడూ చూడనివి.

మొన్నటి ఎన్నికలకు కోడ్ వచ్చింది. ఎన్నికలప్పుడు లైసెన్సు ఆయుధాలన్నీ స్టేషన్‌లో జమ చేయాలి. అన్నయ్య రెండింటినీ నూనె పట్టించి, గుడ్డల్లో చుట్టి, తనే తీసుకెళ్ళాడు. గుడ్డ సంచిలో పెట్టి, మూతి కుట్టి, లక్క సీలు వేశారు. సీలు పక్క చీటీ మీద అన్నయ్య సంతకం చేశాడు. ఆ తర్వాత కొద్దిరోజులకే ఊపిరితిత్తుల జబ్బు ముదిరి ఆసుపత్రిలో చేరాడు.

నాకు ఎవరూ చెప్పలేదు, ఆఖరికి వదిన కూడా. ఆసుపత్రిలో చేరినప్పుడు చెప్పలేదు, ఐసీయూలోకి మార్చినప్పుడు చెప్పలేదు. పోయాక, మిర్చి యార్డులో బస్తాల మధ్య నిలబడి ఉండగా, ఒక దూరపు బంధువు ఫోన్ చేశాడు. సొంత తమ్ముడికి ఆ కబురు అలా చేరింది. నేను వెళ్ళేసరికి పాడె కట్టడం అయిపోయింది. కొరివి ఎవరు పెట్టాలన్నప్పుడు మాత్రం అందరికీ నేను గుర్తొచ్చాను, ఆయనకు కొడుకులు లేరు కాబట్టి.

పెట్టాను. ఆయన ముఖంలోకి చూసి ఒక్క మాట అడుగుదామనుకున్నాను. అడగలేదు. ఏం లాభం.

ఫలితాలొచ్చాక ఆయుధాలు తీసుకెళ్ళమని స్టేషన్‌నుంచి వదినకు కబురొచ్చింది. లైసెన్సుదారు లేడు కాబట్టి వారసుల ఎదుట సంచి తెరిచి, గుంటూరులో తుపాకుల దుకాణంలో భద్రపరచడానికి అప్పగిస్తామన్నారు. తోడు రమ్మని వదిన ఏడుస్తూ అడిగింది. ఆవిడ ఎప్పుడూ నన్ను చూసి నవ్వలేదు. అందుకని వెళ్ళాను.

నా సంగతి తెలిసినవాళ్ళకు తెలుసు, నేను ఏదీ ఊరికే వదలను. సీలు పగలగొట్టకముందే సంచి నాలుగు వైపులా తిప్పి చూపించమన్నాను. కుట్టు తెగలేదు. లక్క బీట వారలేదు. అన్నయ్య సంతకం అలాగే ఉంది.

"ఏంటండీ పెద్దాయనా, మా మీద నమ్మకం లేదా?" అన్నాడు ఎస్సై. కుర్రవాడు, మంచివాడే.

"నమ్మకం ఉంది సార్. తుప్పు పట్టిందని రేపు మీ మీదే ఫిర్యాదు పెట్టాల్సి వస్తే, అప్పుడు చూసుకోవాలిగా."

ఆయన నవ్వి, సీలు తీయమని కానిస్టేబుల్‌కు చెప్పాడు.

మొదటిది బాగానే ఉంది. స్టేషన్ గదిలోని చెమ్మకు అక్కడక్కడా మసకబారింది, అంతే. రెండోదాని గుడ్డ విప్పగానే మిషన్ నూనె వాసన గుప్పుమంది. ఆ పాత ఇనుము అద్దంలా ఉంది. ఒక్క చోట తప్ప. సుత్తి పక్కన, పట్టుకుంటే బొటనవేలు ఆనే చోట, తుప్పు. ఎర్రగా, కొత్తగా, వేలి ఆకారంలో. గీతలతో సహా.

కానిస్టేబుల్‌ను తిట్టడానికి నోరు తెరిచాను. అప్పుడు ఆ ముద్ర మధ్యలో ఏటవాలుగా ఒక తెల్లటి గీత కనిపించింది. అక్కడ తుప్పు లేదు.

నా కుడి బొటనవేలి మీద అలాంటి గీత ఉంది. మూడేళ్ళ కిందట యార్డులో మిర్చి టిక్కీ, అదే బస్తా, కుడుతుంటే దబ్బనం జారి వేలిని చీల్చేసింది. కుట్లు పడ్డాయి. మానాక మచ్చ మిగిలింది. ఆ మచ్చ సంగతి అన్నయ్యకు తెలియదు. మేం మాట్లాడుకుంటే కదా.

నేను వేలిని చూసుకోవడం ఎస్సై గమనించాడు. ఇంకు ప్యాడ్ తెప్పించి నా బొటనవేలి ముద్ర కాగితం మీద వేయించాడు. ఫోన్లో రెండింటినీ ఫొటో తీసి, పెద్దవి చేసి, పక్కపక్కన పెట్టాడు. ఒక్కో గీతా పోల్చి చూశాడు.

"మీరెప్పుడు ముట్టుకున్నారు దీన్ని?"

"ముట్టుకోలేదు సార్."

"అచ్చు మీదేనండి ఇది."

"కనపడుతోందిగా. సీలు వేసింది మీరు, తీసింది మీరు. నన్నడుగుతారేంటి?"

నా గొంతు పెద్దదైంది. నేనేదో దొంగతనం చేశానన్నట్టు చూస్తే ఊరుకోలేను. అప్పుడు వదిన నా మోచెయ్యి పట్టుకుని వరండాలోకి తీసుకొచ్చింది. బల్ల మీద కూర్చున్నాక కాసేపు కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నీకు చెప్పకూడదనుకున్నాను సత్యం. బాధపడతావని."

"ఇంకా కొత్తగా పడేదేముంది వదినా? చెప్పండి."

అన్నయ్య పోవడానికి ముందురోజు సాయంత్రం సగం స్పృహలో ఉన్నాడట. ఉన్నట్టుండి కుడిచేయి పైకెత్తాడట, ఏదో వస్తువు బరువుగా పట్టుకున్నట్టు. నర్సు సూది ఊడిపోతుందని చేయి కిందికి దించబోతే దించనివ్వలేదు. ఎదురుగా ఎవరో నిలబడ్డట్టు చూస్తూ, "ఇంద, పట్టుకోరా," అన్నాడట.

"చెయ్యి తుడుచుకోవద్దులే. ఎట్టా ఉందో అట్టాగే పట్టుకో. మళ్ళీ అలుగుతావు."

ఎవరితో మాట్లాడుతున్నావయ్యా అని వదిన అడిగింది. "ఇంకెవరు, సత్యంగాడు. ఎంత సేపటినుంచి నుంచున్నాడో చూడు, ఒక్క మాట మాట్లాడడు," అన్నాడట. తర్వాత చేయి దానంతట అదే వాలిపోయింది.

అప్పటికి రివాల్వర్లు సీలు వేసిన సంచిలో, తాళం వేసిన గదిలో ఉన్నాయి. నేను గుంటూరులో ఉన్నాను. ఆయన ఆసుపత్రిలో ఉన్నట్టు కూడా నాకు తెలియదు.

వరండాలో కూర్చుని నేను ఏడ్చానని వదిన అందరికీ చెబుతోంది. ఏడ్చాను. కానీ కోపంతో కూడా ఏడ్చాను. అందరి ముందు నన్ను నవ్వులపాలు చేసి, లేని మనిషికి లేని వస్తువు అందిస్తే సరిపోతుందా? నన్ను పిలిపిస్తే రెండు గంటల్లో వచ్చేవాణ్ణి. నిజంగా చేయి చాపేవాణ్ణి.

రెండూ ఇప్పుడు గుంటూరు దుకాణంలో ఉన్నాయి. అన్నయ్య కూతురు తనకు వద్దంది. వదిన ఒప్పుకోలు రాసిస్తే, రెండోదానికి నా పేరున లైసెన్సుకు దరఖాస్తు పెట్టాను. లైసెన్సు రాకుండా చేతికివ్వరు. దుకాణాయన కరీం గారు నెలకోసారి బయటికి తీసి చూపిస్తాడు.

"తుప్పు తుడిపించెయ్యనా అండీ? వదిలేస్తే లోపలికి తినేస్తుంది," అన్నాడు మొదటిసారి. వద్దన్నాను. ఆయన తల ఊపి, తినేది తింటుందని హెచ్చరించాడు. తినలేదు. పెరగనూ లేదు, తరగనూ లేదు. తనకూ అర్థం కావడం లేదంటాడు.

నాకు తెలిసిన సమాధానాలన్నీ వెతికాను. ఎవరో సీలు మార్చి ఉంటారా? మార్చినా నా వేలు ఎక్కడినుంచి తెస్తారు? వేరేవాళ్ళ ముద్ర నాదిలా కనిపించిందా? ఆ మచ్చ కూడానా? నేనే ఎప్పుడో ముట్టుకుని మరిచిపోయానా? నేను మరిచిపోయే మనిషిని కానని మా బంధువుల్లో ఎవరినడిగినా చెబుతారు.

పోయిన నెల లైసెన్సు విచారణకు పిలిచారు. ఎదురుగా కూర్చున్న అధికారి నా వయసు చూశాడు, నా చొక్కా చూశాడు. ప్రాణభయం ఉందా అన్నాడు, లేదన్నాను. పొలానికి కాపలాకా అన్నాడు, పొలం లేదన్నాను.

"మరి ఎందుకండీ మీకు?"

చెప్పడానికి బోలెడు తయారు చేసుకుని వెళ్ళాను. నిబంధనలు, వారసత్వం, దుకాణం వాళ్ళు తీసుకుంటున్న భద్రపరిచే రుసుము. ఒక్కటీ నోటికి రాలేదు.

"మా అన్నయ్య నా చేతికిచ్చాడు సార్," అన్నాను.

ఎప్పుడు ఇచ్చాడని అడిగాడు. తెలియదన్నాను.