గరుకు గచ్చు

మా పెరట్లో గచ్చు మీద అత్త జారి పడిపోయిన నాడు మా ఇంట్లో ఏం చేశారో తెలుసా? గచ్చుని వదిలేసి మనిషికి గడియ పెట్టారు. పెరటి తలుపుకి తాళం వేసి, తాళంచెవి మా బావ జేబులో వేసుకున్నాడు. బావంటే నా మొగుడే. అత్త నాకు సొంత మేనత్త, మా నాన్నకి అక్క. అంచేత ఆవిడ కోసం ఈ ఇంట్లో గొంతు లేపడానికి నేనెవరి పర్మిషనూ అడగను.

ఎముక విరగలేదు, తుంటి కమిలిందంతే. డాక్టరు నడవమనే చెప్పాడు. బావేమో "ఇంక లోపలే నడుస్తాది" అన్నాడు. లోపలేటి, మంచానికీ వంటింటికీ మధ్యనా? ఆవిడకి పొద్దు పొడిస్తే పెరడే. పళ్ళు తోముకోవడం, చింతపండు గింజ తీయడం, పక్కింటావిడతో గోడ మీంచి గొడవ పడడం, అన్నీ ఆ గచ్చు మీదే. తాళం పడ్డ కొన్నాళ్ళకే అన్నం సగంలో వదిలేయడం మొదలెట్టింది. మాటా తగ్గిపోయింది. ఇలాగే వదిలేస్తే ఈవిడ మంచానికి అతుక్కుపోతాదని నాకు గుండె జారిపోయింది.

"గచ్చు పాడయితే గచ్చు బాగు సెయ్యాల గానీ, మనిషిని మూల కూకోబెడతారేటి బావా? ఎలకలున్నాయని ఇల్లు తగలెట్టుకుంటారేటి?" అన్నాను.

"ఎన్ని సేసినా వానాకాలం నాసు పడతాది. కాదంటే టైల్సు ఏయిస్తాను, ఊరంతా ఏయిస్తన్నారు" అన్నాడు.

అదీ నిజమే. భోగాపురంలో ఎయిర్‌పోర్టు అన్న దగ్గర్నించి మా చుట్టుపక్కల ప్రతి ఇంటికీ టైల్సు పిచ్చి పట్టుకుంది. వాన పడ్డ టైల్సు మీద కోడి కూడా జారుతాది.

అసలు తప్పు మా గచ్చు పుట్టుకలోనే ఉన్నాది. మా వైపు కొత్తగా గచ్చు పోస్తే చూడ్డానికొచ్చిన వాళ్ళు మెచ్చుకునే మాట ఒకటే, "అద్దంనాగున్నాది" అని. మొహం కనిపించేదాకా తాపీతో రుద్దితేనే మేస్త్రి పనితనం. ఇంట్లో గదికైతే సరే, ఆకాశం కింద గచ్చుకి నునుపెందుకు? మాది ఎండకి బీటలు వారింది, బీటల్లోకి వాననీరు దిగింది, పైన నాచు కట్టింది. అప్పుడు కూడా నున్నగానే ఉన్నాది మహాతల్లి.

తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళనే రకమని నన్నంటాడు బావ. అననీ. వానలు రాకముందే మేస్త్రిని పిలిచాను. బావ పని జరిగినంతసేపూ తలుపు తీసి, సాయంత్రానికి మళ్ళీ తాళం వేసేవాడు. నాచు గీకించి, పాత గచ్చు చెక్కించి, బీటలు పూడ్పించాను. నీళ్ళు గోడ వైపు రాకుండా కాలవ వైపు పోయేట్టు వాటం పెట్టించి, నీరు పీల్చకుండా మందు కలిపించి కొత్త సిమెంటు పోయించాను. అంతవరకూ అతనికీ నాకూ పేచీ లేదు. తాపీ తీసి నున్నగా రుద్దబోతుంటే "ఆగు, గరుగ్గా వొదిలీ" అన్నాను.

అతను నన్ను ఎగాదిగా చూశాడు. "గరుగ్గా వొదిలీస్తే నా పేరు పోతాదమ్మా. రేపెవులైనా సూసి, ఈ పని సేసినోడెవుడని నవ్వుతారు."

"నా పేరు సెప్పు. ఊర్లో సిమెంటు రోడ్డు మీద గీతలెందుకు గీస్తారు, బండి జారకుండానే గదా? మా అత్త బండి కంటే తీసిపోయిందేటి?"

అయినా అతను నసుగుతూనే ఉన్నాడు. నాకు ఒళ్ళు మండింది. కొత్త కొబ్బరి చీపురు తెచ్చి, చీర ఎగ్గట్టి, ఆ చివర్నించి తలుపు దాకా వెనక్కి జరుగుతూ తడి సిమెంటు మీద నేనే గీతలు గీశాను. బావ గుమ్మంలో నిలబడి "పదిమందీ నవ్వేటట్టు సేస్తన్నావు" అన్నాడు.

"నవ్వనీ. నవ్వినోళ్ళెవరూ పడిపోతే లేపడానికి రారు."

సిమెంటు ఎండకి పగలకుండా తడి గోనెలు కప్పాను. నెల్లిమర్ల జూటుమిల్లు పక్కన పెట్టుకున్న మాకు గోనెలకి కరువా! బాగా ఆరాక పైపూత కోసం షాపుకెళితే, వాడు మెరిసే రకం చూపించి "షైనింగ్ అదిరిపోతాది మేడమ్" అన్నాడు. మెరుపు నీ ఇంట్లో పెట్టుకో, నాకు నీళ్ళు దిగకపోతే చాలన్నాను. మెరవని డబ్బా వెతికి ఇచ్చాడు. అది కూడా నా చేత్తోనే పూశాను.

మొదటి వాన గట్టిగానే పడింది. నీళ్ళు ఎక్కడా నిలవకుండా గచ్చు మీంచి కాలవలోకి పోయాయి.

"ఇయ్యాల వొద్దు, ఎండనీ" అన్నాడు బావ.

"ఎండిన గచ్చు మీద అందరూ నడుస్తారు. తడిసినప్పుడే సూడాల" అని చెయ్యి చాపి నిల్చున్నాను. తాళంచెవి ఇవ్వక ఏం చేస్తాడు? ముందు నేను దిగి, కాళ్ళతో తొక్కి తొక్కి చూసి, అప్పుడు అత్తని పిలిచాను.

ఆవిడ గుమ్మం దిగి అరికాలు అటూ ఇటూ రాసింది. "ఒసే, ఏటే ఇది, పనసతొక్కనాగున్నాది! నా కాళ్ళు అరిగిపోవా?" అని తిట్టింది. తాళం పడ్డాక ఆవిడ నన్ను తిట్టడం అదే మొదలు. నాకు ప్రాణం లేచొచ్చింది.

తిడుతూనే నడిచింది. బావ ఉండబట్టలేక గబగబా వెళ్ళి ఆవిడ మోచెయ్యి పట్టుకున్నాడు. అత్త ఆగి, కొడుకు మొహంలోకి చూసింది.

"నీకు నడక నేర్పినప్పుడు నాను సెయ్యి వొదిలీసినాను గందా. నువ్వూ వొదులు."

బావ వదిలేశాడు.