చివరి మాట పాడకూడదు

మేడమ్ పోయారని నాకు ధర్మవరం స్టేషన్లో తెలిసింది. హిందూపురం ప్యాసింజర్ ఎక్కి, దిద్దాల్సిన పేపర్ల కట్ట ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. డిగ్రీలో నాతో చదివిన స్నేహితురాలు ఫోన్ చేసి, "మన మేడమ్ లేరంట మే" అంది. "ఏ మేడమ్?" అని అడిగాను. ఏ మేడమో నాకు తెలుసు. ఒక్క నిమిషం తెలియనట్టు ఉండాలనిపించింది, అంతే.

రైలు దిగేశాను. నేను పాఠాలు చెప్పే బడికి రానని చెప్పి, ఇంటికి పోయి అమ్మను తీసుకొని, తర్వాతి బండికి పెనుకొండ బయలుదేరాను. పేపర్లు దిద్దుతూ రాత్రి నిద్ర లేదు, ముందురోజు రాత్రీ లేదు. దుఃఖం కూడా అలసటలాగానే వచ్చింది.

మేడమ్ హిందూపురంలో మా డిగ్రీ కాలేజీలో ఇంగ్లీషు చెప్పేవారు. నేను ధర్మవరంలో ఎక్కే బండినే ఆమె పెనుకొండలో ఎక్కేవారు. చిన్నప్పుడు బెంగళూరు హాస్టల్లో ఉండగా ఒక ముసలి ఐరిష్ సిస్టర్ ఆమెకు తన దేశం పాటలు, రేకు పిల్లనగ్రోవి నేర్పిందట. మేడమ్ ఐర్లండ్ చూడలేదు. ఆమెకు పాస్‌పోర్టు కూడా లేదు. అయినా ఏటా మార్చిలో, ఐర్లండ్ వాళ్ల పండుగ రోజున, మా తరగతి గదిలో బెంచీలు గోడకు జరిపించి ఒక పూటంతా ఆ దేశం పద్యాలు చదివించేవారు. పిల్లనగ్రోవి ఊదేవారు. క్యారియర్లోంచి రెండు చెంచాలు తీసి, వేళ్ల మధ్య వాటి వీపులు కలిపి పట్టుకొని, మోకాలి మీద టకటకా వాయించేవారు. అక్కడ నిజంగానే అలా వాయిస్తారట. మాకు మాత్రం నవ్వు ఆగేది కాదు. కాలేజీలో ఆమె పేరు చెంచాల మేడమ్.

మా మొదటి సంవత్సరం అటెండర్ బోర్డు మీద "ఐరన్ ల్యాండ్ పండగ" అని రాసిపెట్టాడు. మేము తుడవబోతే మేడమ్ ఆపారు.

"ఉండనీండి. ఇనుమంత గట్టోళ్లే వాళ్లు" అన్నారు.

ఆ రోజు ఒక పద్యం అర్థం తెలుగులో చెప్పమని నన్ను లేపారు. మా ఇంట్లో బడికి పోయిన మొదటి మనిషిని నేను. బడిలో మొదట నేర్చుకున్నది మా ఇంటి మాట తప్పని. "ఉంది" అనకుండా "ఉండాది" అన్నందుకు చిన్న తరగతిలో ఒకసారి బెంచీ ఎక్కించారు. అప్పటినుంచి నలుగురిలో నోరు తెరిస్తే ప్రతి మాటా తూచి పలికేదాన్ని. ఆ రోజు తొందరలో "ఆ కొండ మీద ఒక ఇల్లు ఉండాది" అనేశాను. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. తల దించుకున్నాను.

మేడమ్ నన్నేమీ ఓదార్చలేదు. ఒకప్పుడు ఐర్లండ్ బళ్లలో సొంత భాష మాట్లాడిన పిల్లల మెడలో కర్ర వేలాడదీసేవారని, మాట్లాడినప్పుడల్లా దాని మీద ఒక గాటు పెట్టేవారని, సాయంత్రం ఎన్ని గాట్లుంటే అన్ని దెబ్బలు కొట్టేవారని చెప్పారు. తర్వాత నా దగ్గరికొచ్చి, "నీ మెడలో ఏ కర్రా లేదు గదమ్మా. మరి తల ఎందుకు వంచుకున్యావు? ఉండాది అంటే ఉండాది. లేకుండా పోలేదు గదా" అన్నారు.

మూడో సంవత్సరం ఆ పండుగకు ఇళ్లనుంచి ఎవరినైనా తీసుకురమ్మన్నారు. అమ్మ వచ్చింది. అమ్మ మగ్గాలకు పట్టు దారం కండెలు చుడుతుంది. పొద్దున్నుంచీ సాయంత్రం దాకా ఒక చేత్తో రాట్నం తిప్పుతూ, ఇంకో చేత్తో పోగు పట్టుకొని ఉంటుంది. కాలేజీలో వెనక గోడకు ఆనుకొని నిలబడింది.

మేడమ్ ఆ రోజు వాళ్ల పాత పద్ధతి పాట ఒకటి పాడారు. తాళం లేదు, వాద్యం లేదు, కళ్లు మూసుకొని ఒక్క గొంతుతో పాడటమే. ముందు రెండు సంగతులు చెప్పారు. పాడే మనిషి పాటలో ఒంటరి కాకుండా వినేవాళ్లలో ఒకరు పక్కన కూర్చొని, చేయి పట్టుకొని, మెల్లగా తిప్పుతూ ఉంటారట. ఇక చివరి మాట పాడకూడదట. మామూలుగా, ఇంట్లో మాట్లాడినట్టు చెప్పాలి. అప్పుడే పాట అయిపోయిందని అందరికీ తెలుస్తుంది, పాడిన మనిషి మళ్లీ మన మధ్యకు వస్తుంది.

"ఎవరొస్తారు చెయ్యి పట్టుకునేకి?" అని అడిగారు.

మేమెవ్వరం లేవలేదు. మేడమ్ చేయి పట్టుకోవడమా? అంతలో అమ్మ వెనకనుంచి వచ్చి, ఆమె పక్కన కూర్చొని, చేయి తీసుకొని తిప్పడం మొదలుపెట్టింది. అచ్చం రాట్నం తిప్పినట్టే. ఆడపిల్లలంతా నవ్వారు. నాకు నేలలోకి పోవాలనిపించింది. మేడమ్ కళ్లు తెరవలేదు. పాట ఆ చేతి వేగానికి మెల్లగా సర్దుకుంది. నవ్వులు ఎప్పుడు ఆగాయో నేను గమనించలేదు.

"బలే పాడినావు మేడం. ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు" అంది అమ్మ, అయిపోయాక.

"నాకూ సగమే తెలుసమ్మా."

"మా అత్త కండెలు సుడతా ఇట్లే పాడతాండె. ఈ పాపకి వస్తాది ఆ పాట. సిగ్గుపడి సస్తాది."

అదిగో, అక్కడ మొదలైంది. ఆ రోజునుంచి మేడమ్ నన్ను మా అవ్వ పాట అడుగుతూనే ఉన్నారు. రైల్లో అడిగారు, కాలేజీ అయిపోయాకా అడిగారు. ఏటా మార్చి పండుగకు ముందే ఫోన్. "ఐర్లండ్ పాటలు నేనొక్కదాన్నే పాడతా ఉంటే ఏం బాగుంటుందమ్మా? ఆ పాటకు మన పాట ఒకటి బదులు చెప్పాల." నేను ఏటా ఒక సాకు చెప్పాను. ఈ జనవరిలో పేపర్లున్నాయని, వచ్చే ఏడు తప్పకుండా పాడతానని చెప్పాను.

"సరేలే. గొంతు ముదిరితే ఇంకా బాగుంటాది" అని నవ్వారు. మధ్యలో దగ్గారు. దగ్గు గురించి నేను అడగలేదు.

పెనుకొండలో ఇంటి ముందు షామియానా వేశారు. మేడమ్‌ను అద్దాల పెట్టెలో పడుకోబెట్టారు. ఆమె చెల్లెలు మమ్మల్ని చూసి, "మీరు అక్క పిల్లోళ్లేనా? ఆయమ్మ పాట ఒకటి పాడండమ్మా, పొయ్యేటప్పుడు వింటాది" అంది. ఏడేండ్ల బ్యాచ్‌లవాళ్లం పదిమందికి పైనే ఉన్నాం. ఎవరికో మొదటి రెండు పాదాలు వచ్చు, ఎవరికో రాగం కొంచెం వచ్చు. ఒక్క పాట కూడా ఎవరికీ పూర్తిగా రాదు. ఏటేటా విన్నాం, చప్పట్లు కొట్టాం, ఇళ్లకు పోయాం. నాకొచ్చిన ఒక్క పాట నా గొంతులోనే ఉండిపోయింది. అమ్మ పెట్టె అద్దం మీద అరచేయి ఆనించింది. ఆ చేయి కాస్త కదిలింది, మళ్లీ ఆగింది.

తిరుగు బండిలో పెద్దగా జనం లేరు. ఎండ ఎదురు సీటు మీద పడుతోంది. నేను కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకున్నాను. కాసేపటికి అమ్మ నా కుడిచేయి తన చేతిలోకి తీసుకుంది.

"పాడు మే" అంది.

"ఇప్పుడెందుకుమా? వినాల్సిన ఆయమ్మ లేదు."

"నేను లేనా? పాడు."

అమ్మ చేయి తిప్పడం మొదలుపెట్టింది. నేను పాడాను. గొంతు బొంగురు పోయింది, రాగం రెండుచోట్ల తప్పింది.

సుట్టుకో కండెమ్మా సుట్టుకో
నా సేతి నొప్పంతా సుట్టుకో
తెగితే ముడేస్తా, సిక్కితే తీస్తా
తెల్లారి పోగంతా సుట్టుకో

అవ్వ ఆ పాటను రోజూ పని ముగిసినప్పుడు ఒక మాటతో ఆపేది. నిండిన కండెను రాట్నం నుంచి తీసి, బుట్టలో వేస్తూ, "సాలు తల్లీ, ఇంక పొయ్యిరా" అనేది. ఆ మాటను అవ్వ ఎప్పుడూ పాడలేదు. మామూలుగానే చెప్పేది. అది కూడా ఒక పద్ధతేనని ఆ రైల్లో కూర్చున్నదాకా నాకు తట్టలేదు. మేడమ్‌కు చెప్పి ఉంటే ఎంత సంబరపడేవారో.

పాట ఆ మాట దాకా వచ్చింది. నేను ఆగాను. అమ్మ నా వైపు చూసింది కానీ చేయి ఆపలేదు. మళ్లీ మొదటినుంచి ఎత్తుకున్నాను. ధర్మవరం ప్లాట్‌ఫారం వచ్చింది, జనం దిగుతున్నారు, అమ్మ ఇంకా నా చేయి తిప్పుతూనే ఉంది.

చివరి మాట నేను చెప్పలేదు. అది నా దగ్గరే ఉండాది.