ఇరవై రెండు కన్నాలు

రోములో పాంథియన్ నేల తుడవడం ఎర్సీలియా పని. ఇరవై ఆరేళ్ళుగా అదే. ఒకప్పుడది దేవతల గుడి, తర్వాత మేరీమాత చర్చి అయింది. ఎవరొచ్చినా గోపురం నడినెత్తిన ఉన్న కంతను మాత్రం మూయలేదు. వాన నేరుగా లోపల పడుతుంది, నేలలోని ఇరవై రెండు కన్నాలు ఆ నీళ్ళు తాగేస్తాయి. ఆ కన్నాల మంచిచెడ్డలు చూసే మనిషి ఎర్సీలియా ఒక్కతే.

ఒకరోజు అన్న కొడుకు తుల్లియో కొత్త వీడియో గేము చూపించాడు. అందులో కత్తి పట్టిన వీరుడు కంతలోంచి తాడు పట్టుకుని అదే గుడిలోకి దిగుతున్నాడు.

"నేల అద్దంలా ఉందేంట్రా? కన్నాలేవీ?"

"ఆటే కదత్తా! కన్నాలెవడు చూస్తాడు?"

"మరి వాన పడితే? మీ నాన్నొచ్చి తోడిపోస్తాడా?"

వారం రోజులైనా ఆమెకు ఆ మంట చల్లారలేదు.

పెంతెకొస్తు పండుగ ఆదివారం వచ్చింది. ఏటా లాగే ఆరాధన కాగానే అగ్నిమాపక దళం వాళ్ళు కంతలోంచి ఎర్ర గులాబీ రేకులు కుమ్మరించారు. జనం కదలగానే ఊడ్చేయాలి. తడిసిన రేకు కన్నానికి బిరడాలా పట్టేస్తుంది. కానీ ఈసారి ఆ గేము వాళ్ళే ప్రకటన తీయడానికి కెమెరాలతో దిగారు.

"రేకులు ముట్టుకోకు, అలా ఉంటేనే అందమట," అన్నాడు ఒరెస్తే. ఆమెకు జీతమిచ్చే కాంట్రాక్టరు మనిషి. "ఇంకో ఏడాదైతే నీకు పింఛను. నోరు మూసుకుని మూల నిలబడు, తల్లీ."

నిలబడింది. కాసేపటికే ఉరిమింది, వాన ధారగా లోపలికి దిగింది. రేకులు కన్నాలకు అతుక్కున్నాయి, నీళ్ళు నిలిచాయి. ప్రకటన కోసం గేములోని కత్తి వీరుడి వేషం కట్టినవాడు జారి వెల్లకిలా పడ్డాడు. పాపం, నడుం పట్టుకుని లేచినవాణ్ణి మళ్ళీ పరిగెత్తమన్నారు. ఇక ఎర్సీలియా ఆగలేకపోయింది. కెమెరాల ముందే మోకాళ్ళ మీద కూలబడి, తలపిన్ను తీసి మొదటి కన్నం పొడిచింది.

"ఎవరావిడ? లేపండి!" దర్శకుడు కేకలేశాడు. "మా ఆటలో వాన లోపల పడదు!"

"ఇక్కడ పడుతుంది నాయనా. నీ తాతల తాతలు పుట్టకముందు నుంచీ పడుతోంది."

ఒరెస్తే మొహం జేవురించింది. "లేస్తావా, లేదా? లేవకపోతే రేపట్నుంచి రాకు. పింఛను సంగతీ మర్చిపో!"

భయం వేసింది, అబద్ధమెందుకు. అయినా చెయ్యి ఆపలేదు. ఒక్కో కన్నం తెరుచుకుంటుంటే నీళ్ళు గుడగుడమని దిగిపోయాయి. ఇరవై రెండోది కూడా అయ్యాకే లేచింది. గౌను తడిసి ముద్దయింది, పిన్ను వంకరపోయింది.

"రేపు వానొస్తే నేనూ వస్తాను ఒరెస్తే," అంది. "దమ్ముంటే ఇద్దర్నీ ఆపు."