గోంగూర కింద ఫోను

పంజగుట్ట సిగ్నల్ దగ్గర బస్సుల సందులోంచి బండి పోనిచ్చాడని ఒకతన్ని పోలీసు చెవి వెంట రక్తం కారేలా కొట్టాడు. బస్సులో నా పక్కనున్న అమ్మాయి అదంతా ఫోనులో తీసింది. పోలీసు మా బస్సెక్కగానే, "అమ్మమ్మా, జర దాయుండ్రి. గా అన్నకు గిదొక్కటే సాక్ష్యం" అంటూ దాన్ని నా సంచిలో గోంగూర కింద పెట్టింది.

పరాయి వస్తువు ఎన్నడూ నా దగ్గర ఉంచుకోలేదు. "ఎవరిది వాళ్లే చూసుకోవాలి" అని తీసి ఆమె ఒళ్లో పెట్టాను.

"వీడియో తియ్యొద్దని ఏ చట్టంల ఉంది సార్?" అందా పిల్ల.

"నాకే చట్టం జెప్తవా?" అంటూ పోలీసు ఫోను లాక్కుని అంతా చెరిపేశాడు.

అమీర్‌పేటలో నా సంచి బరువని ఆ పిల్లే దించిపెట్టింది.

కొన్నది పారేయడం నాకు చేతకాదు. ఆ గోంగూర వండాను. ఇంట్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.