అంకె ముందున్న చిన్న గీత

వాషర్‌మెన్‌పేటలో కింద మా లుంగీల హోల్‌సేల్ కొట్టు, పైన మా కాపురం. తొంభైల చివర్లో మా అబ్బాయి విదేశీ బేరాల కోసం మేడ మీది చిన్న గదిలో కంప్యూటర్ పెట్టాడు. అప్పట్లో ఇంటర్నెట్ ఫోను లైను మీదే వచ్చేది. వాడు మెయిల్ చూసుకుంటున్నంతసేపూ కొట్టుకు ఫోను రాదు. వానాకాలంలో లైనే ఉండదు. జవాబు ఆలస్యమైందని సింగపూర్ బేరం ఒకటి చేయిజారాక, వాడు ఒక కంపెనీతో మాట్లాడి, ఫోను లైను లేకుండానే ఇంటర్నెట్ అందుకొనే యాంటెనా మేడ మీద పెట్టించడానికి ఏర్పాటు చేశాడు. మా వీధిలో అలాంటిది ఎవరికీ లేదు. సిగ్నల్ అందితే పెడతాం, అందకపోతే విప్పుకొని పోతాం అని కంపెనీవాళ్ళు ముందే చెప్పారు. వారం రోజులుగా ఇంట్లో అదే మాట, అందుతుందా, అందదా అని.

బిగించడానికి వచ్చినతనికి నలభై ఏళ్లుంటాయి. మనలి వైపు మనిషి, బయట అరవమైనా ఇంట్లో మాలాగే తెలుగు మాట్లాడేవాడు. తోడు రావలసిన మనిషి రాలేదు. మా అబ్బాయి హార్బర్‌కు వెళ్ళాడు, టీచరమ్మ అయిన మా కోడలు బడికి పోయింది. మాధవరం దగ్గరున్న టవరు వైపు యాంటెనాను కొంచెం కొంచెంగా తిప్పుతుంటే, గదిలో కంప్యూటర్ తెర మీద ఒక అంకె మారుతుందట. అది చూసి కిటికీలోంచి కేకేసే మనిషి కావాలన్నాడు.

గుమాస్తా ఎదురుగానే మా ఆయన అన్నాడు: “మా ఇంట్లో చదువుకొన్న మనిషి ఉండాది గదా. ఆమె చెప్తాదిలే.”

గుమాస్తా తల వంచుకొని నవ్వాడు. నాకప్పుడు యాభై రెండేళ్లు. కోడలు నాచేత అక్షరాలు దిద్దించడం మొదలుపెట్టి ఆరు నెలలైంది. అంకెలు నూరు దాటి వచ్చాయి. అయితే అప్పటిదాకా ఎవరూ నన్ను పనికొచ్చేది ఏదీ చదవమనలేదు.

“నాకు దెల్సు, నేను చెప్తా,” అని పైకెక్కాను.

తెర మీద అంకె పెద్దగా కనిపించింది. దానికి ముందు చిన్న అడ్డగీత ఉంది. మరకేమో అనుకొని చెంగుతో తుడిచాను, పోలేదు. సరేలే, అలంకారానికి పెట్టి ఉంటారు అనుకున్నాను.

“ఎంతమ్మా?” మేడ మీంచి కేక.

“ఎనభై ఎనిమిది.”

అతను తిప్పాడు. ఎనభై నాలుగైంది. నా మనసు చివుక్కుమంది. కోడలు నాకు లెక్కలిచ్చి మార్కులు వేసేది. మార్కులు తగ్గితే నాకెలా ఉండేదో నాకు తెలుసు. ఆ మనిషి ఎండలో యాంటెనా స్తంభం పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పడానికి నోరు రాలేదు.

“ఎనభై తొమ్మిది,” అన్నాను.

“అయ్యో,” అని అతను వెనక్కి తిప్పాడు. ఈసారి తెర మీద నిజంగానే తొంభై వచ్చింది. సంతోషంగా కేకేశాను. ఇంకా తిప్పాడు, తొంభై రెండు. ఇంకా గట్టిగా కేకేశాను. మళ్ళీ ఇటు తిప్పితే డెబ్బై తొమ్మిదికి పడిపోయింది. పాపమనిపించి తొంభై ఒకటి అన్నాను. అలా అరగంట గడిచింది.

చివరికి అతను చెమట తుడుచుకుంటూ కిటికీ దగ్గరకు వచ్చాడు. “లాభం లేదమ్మా. ఏదో మేడ అడ్డం ఉన్నట్టుంది. ఈడ సిగ్నల్ అందదు. విప్పేస్తా.”

“తొంభై రెండు దాకా తెచ్చినావు గదా తంబీ, ఇంకేమి కావాల?”

అతను నన్ను వింతగా చూశాడు. “తొంభై రెండంటే సిగ్నల్ చచ్చినట్టమ్మా. అరవై దగ్గరికి దిగాల.”

అంటే నేను దాచిన అంకెలే మంచివన్నమాట. అతను అప్పుడే స్పానర్ తీసుకొని స్తంభం దగ్గరకు వెళ్తున్నాడు. నేను ఊరుకుంటే యాంటెనా దిగిపోతుంది, అడ్డమొచ్చిన మేడ మీదికి తప్పు పోతుంది. ఎవరికీ ఏమీ తెలియదు. కింద గుమాస్తా ఎవరికో బేరం చెబుతున్న గొంతు వినిపిస్తోంది. చెబితే సాయంత్రానికి ఆ కొట్టంతా నవ్వుతుంది. మా అబ్బాయి పోగొట్టుకున్న సింగపూర్ బేరం గుర్తొచ్చింది.

“తంబీ, విప్పొద్దు,” అన్నాను. “నేను చెప్పినవన్నీ నిజం కాదు. తగ్గినప్పుడల్లా ఎక్కువ చేసి చెప్పినా.”

“ఎందుకమ్మా?”

“నువ్వు బాధపడతావని.”

అతను స్పానర్ కింద పెట్టి పిట్టగోడ మీద కూర్చుండిపోయాడు. భుజాలు కదిలేలా నవ్వాడు. “ఇరవై ఇండ్లలో కట్టినానమ్మా. నా మీద జాలిపడినోళ్ళు మీరొక్కరే.”

మజ్జిగ తెచ్చిచ్చాను. తాగి గదిలోకి వచ్చి తెర మీది గీతను చూపించాడు. “మీ బోరులో నీళ్ళు తొంభై అడుగుల కింద ఉంటే మేలా, అరవై అడుగుల కింద ఉంటే మేలా?”

“అరవై అయితే మోటారుకు సులువు.”

“అదే ఇది. ఈ గీత ఉంటే అంకె భూమి కింద ఉండాదని అర్థం. దీని పేరు మైనస్. తగ్గేకొద్దీ పైకి వస్తున్నట్టు.”

ఈసారి ఉన్నదున్నట్టు చెప్పాను. ఎనభై నాలుగు, డెబ్బై తొమ్మిది, డెబ్బై. తగ్గే ప్రతి అంకెకూ నా గొంతు పెరిగింది. అరవై ఒకటి దగ్గర ఆగమన్నాను, ఆగాడు. నట్లు బిగించేటప్పుడు యాంటెనా కదులుతుందని నన్ను తెర ముందే ఉండమన్నాడు. మధ్యలో అరవై నాలుగుకు జారితే నేను అరిచాను, అతను సర్దాడు.

నా కేకలు కిందికి వినబడ్డాయేమో, మా ఆయన మెట్లెక్కి వచ్చాడు. “ఏమే, ఎంతలో ఉండాది?”

“మైనస్ అరవై ఒకటి.”

ఆయన ముఖం వాడిపోయింది. “మైనస్సా? నష్టంలో ఉండాదా అయితే?”

“నష్టమేంది? నీళ్ళు దగ్గరికొచ్చినాయి.”

“ఇంటర్నెట్‌లో నీళ్ళేందే?”

“అమ్మ చెప్పింది సరే సార్,” అని మేడ మీంచి జవాబొచ్చింది. “బాగా అందినాది.”

మా ఆయన కుర్చీ లాక్కొని నా పక్కన కూర్చున్నాడు. కళ్ళద్దాలు సర్దుకొని తెర మీదికి వంగాడు.

“యాడ ఉండాది ఆ మైనస్?” అన్నాడు.

వేలు పెట్టి చూపించాను.