లిస్టులో మొదటి పేరు

ఫుట్‌బాల్‌కూ నాకూ ఏ చుట్టరికమూ లేదు. డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్తాను. కప్ప గురించి అడగండి, గంటసేపు చెప్తాను. కానీ మా ఫిజికల్ డైరెక్టర్ గారు కాలు విరిగి మంచమెక్కడంతో, సీజన్ ఆఖరి లీగ్ మ్యాచ్‌కి పిల్లల్ని హైదరాబాద్ తీసుకెళ్లే పని నా నెత్తిన పడింది. గెలిస్తే పై రౌండు, లేకపోతే అక్కడితో సరి. రెండో మ్యాచ్ ఆడిన వారానికే మా గోల్‌కీపర్ శేఖర్ డెంగీ జ్వరంతో చనిపోయాడు. ఆ తర్వాత మూడు మ్యాచ్‌లు ఈ పిల్లలు ఎలా ఆడారో నాకిప్పటికీ అర్థం కాదు. జిల్లాల నుంచి జట్టుతో నగరానికి వెళ్లే అధ్యాపకులకు పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను.

మహబూబ్‌నగర్ వైపు నుంచి పొద్దున్నే బయల్దేరి ఎనిమిదిన్నరకు కాచిగూడలో దిగాం. నాంపల్లికి ఆటోకు నూటయాభై అడిగారు. మా బ్యాగుల గుట్ట చూసి ఒక డ్రైవరు, "ఏం మేడం, పెండ్లికి పోతున్రా?" అని నవ్వాడు. మ్యాచ్‌కి అంటే, "గట్లయితే నూటఇరవై ఇయ్యున్రి, గెల్చి రాన్రి" అన్నాడు. నాంపల్లి స్టేషన్ దగ్గరి లాడ్జిలో సాయంత్రం దాకా రెండు గదులు తీసుకున్నాం, గదికి ఏడు వందలు. స్నానాలు, ఇడ్లీలు అయ్యేసరికి పది దాటింది. ఎవరూ అల్లరి చేయలేదు. అల్లరి చేయని పద్దెనిమిదేళ్ల పిల్లల్ని చూస్తే నాకు భయమేస్తుంది.

గన్‌ఫౌండ్రీ పక్కనున్న మైదానానికి నడిచే వెళ్లాం, ఇరవై నిమిషాలు. అక్కడ టేబుల్ దగ్గర కూర్చున్న పెద్దమనిషి మా లిస్టు చూసి, పేరు పిలిచి, ఐడీ కార్డుతో ముఖం సరిపోల్చడం మొదలుపెట్టాడు. మొదటి పేరు శేఖర్‌ది.

"ఏడి ఈ పిలగాడు?"

కెప్టెన్ వచ్చి నా చెవిలో చెప్పాడు. అసలు సంగతి నాకప్పుడు తెలిసింది. సీజన్ మొదట్లో టైపు చేసిన లిస్టునే ప్రతి మ్యాచ్‌కీ ఇస్తూ వచ్చారు. శేఖర్ పేరు కొట్టేయడానికి ఎవరికీ చేతులు రాలేదు. అతని బదులు ఆడుతున్న నర్సింలు పేరు అన్నిటికంటే కింద పెన్నుతో రాసి ఉంది. జిల్లాలో అందరూ ఎరిగినవాళ్లే, ఎవరూ అడగలేదు.

"చనిపోయాడండీ" అన్నాను.

ఆయన కళ్లజోడు తీశాడు. "అయ్యో! జర సమజ్ చేస్కోన్రి మేడం. మనిషి లేని పేరుంటే లిస్టు చెల్లది. పెన్నుతోని రాసింది గూడ చెల్లది. ఒంటిగంట లోపల కొత్తది టైపు చేయించుకరాన్రి."

కాలేజీ ముద్ర నా బ్యాగులోనే ఉంది. కెప్టెన్ మల్లేశ్‌ని తీసుకుని ఆబిడ్స్ వైపు నడిచాను. టైపింగ్, జిరాక్స్ దుకాణాలకు అక్కడ కొదవ లేదు, పేజీకి ముప్పై తీసుకుంటారు. దారంతా మల్లేశ్ ఒకటే పాట. "వాని పేరు తీస్తే మేం ఆడం మేడం."

నాకు ఒళ్లు మండింది. "ఆడకుంటే ఇంత దూరం ఎందుకొచ్చినట్టురా? పొద్దటి నుంచి నర్సింలు మొఖం చూసినవా?" అని రోడ్డు మీదే కేకలేశాను. తీరా చూస్తే వాడు ఏడుస్తున్నాడు. సిగ్గుతో చచ్చిపోయాను.

దుకాణంలో కంప్యూటర్ ముందున్నాయన కాలేజీ పేరు కొట్టి, "ఒకటో నెంబర్ ఏం పేరు మేడం?" అన్నాడు. మల్లేశ్ బయటికి వెళ్లి శేఖర్ వాళ్లమ్మకు ఫోన్ చేశాడు. ప్రతి మ్యాచ్ అయ్యాక ఆమెకు ఫోన్ చేస్తాడట, అదీ అప్పుడే తెలిసింది. బస్సుల మోతకు వినబడక స్పీకర్ పెట్టాడు, లోపలున్న నాకూ వినిపించింది. చెప్పలేక చెప్పలేక విషయం చెప్పాడు. అంతా విని ఆమె అడిగింది:

"ఆ కొత్త పిలగాని పేరు లేకుంటే ఆడనియ్యరా?"

"ఆడనియ్యరమ్మా."

"మరి గోలు ఎవరు కాస్తరురా? నా కొడుకు ఎన్నడన్న గోలు ఉత్తగ ఇడిశిపెట్టి పోయిండా? తీసెయ్యున్రి. ఆ పిలగాని పేరే పైన రాయున్రి."

మల్లేశ్ ముఖం తుడుచుకుని లోపలికొచ్చాడు. "ఒకటి, నర్సింలు" అన్నాడు.

మ్యాచ్ మూడింటికి మొదలైంది. ఆఖరి పది నిమిషాల్లో పడిన ఒక్క గోలుతో ఓడిపోయాం. సీజన్ అయిపోయింది. నర్సింలు గోలుస్తంభం దగ్గరే కూలబడి, "శేఖరన్న అయితే ఆపుతుండె" అంటూ లేవనే లేదు. మల్లేశ్ అలవాటు ప్రకారం శేఖర్ తల్లికి ఫోన్ చేశాడు. విని, ఫోన్ నర్సింలుకు ఇమ్మందామె.

"ఎన్ని ఆపినవు బిడ్డా?"

"ఐదమ్మా. ఒకటి పోయింది."

"పోతే పోనీ. శేఖర్‌గానికి గూడ పోతుండె. ఏమన్న తిన్నవా?"

అప్పుడు ఏడ్చాడు నర్సింలు. మిగతావాళ్లంతా వెళ్లి వాడి చుట్టూ కూర్చున్నారు.

తిరుగు రైల్లో నాకు నిద్ర పట్టలేదు. శేఖర్ పేరును కాపాడుకుంటున్నామన్న ధ్యాసలో, మూడు మ్యాచ్‌ల పాటు ఒక పిల్లవాణ్ని కాగితం అడుగున నిలబెట్టాం. పాఠాలు చెప్పేదాన్ని, ముందే గమనించాల్సింది. ఆ తల్లి ఎక్కడో పల్లెలో ఉండి గమనించింది. జట్టుతో వెళ్లేవాళ్లకు ఒకటే మాట: బయల్దేరే ముందురోజు పిల్లలందర్నీ కూర్చోబెట్టి లిస్టు పైకి చదవండి. ఏదైనా పేరు దగ్గర గొంతు ఆగితే, అక్కడే, అందరూ ఉండగానే ఏడవండి.